డెబ్బయ్యో పేజీ దాటని రష్యన్ నవల

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, మా ప్రణవి ఒకనాడు తన స్నేహితుల ముందు నన్ను చూసి సిగ్గుపడుతుందేమోనని. పాపకు రాత్రిళ్లు జ్వరం వస్తుందేమో, లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమో, తాళంచెవి లోపలే ఉండిపోయి తలుపు మూసుకుపోతుందేమో అన్న భయాలు కూడా ఉన్నాయి. కానీ అవన్నీ దీని తర్వాతే.

నా చదువు ఇంటర్ మధ్యలో ఆగింది. కావలి దగ్గర మా నాయన లారీ బోల్తాపడి ఆయన మంచాన పడితే, కాలేజీ బస్సెక్కడం మానేసి ఇంటి పట్టున ఉండిపోయాను. తర్వాత మేనబావ హరికృష్ణతో పెళ్లయింది. బావకు సింగపూర్‌లో, వన్-నార్త్‌ అనే చోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మేము ఆ పక్కనే క్లెమెంటిలో అద్దెకుండేవాళ్లం. కిండర్‌గార్టెన్‌లో అమ్మానాన్నల బొమ్మలు గీయమన్నారట, ప్రణవి వాళ్ల నాన్నను ల్యాప్‌టాప్‌తో గీసింది, నన్ను రైస్ కుక్కర్‌తో గీసింది. కుక్కర్ నాకన్నా పెద్దగా ఉంది. దానికి కళ్లూ ముక్కూ కూడా పెట్టింది, నాకు పెట్టడం మర్చిపోయింది. టీచర్ ఆ బొమ్మకు స్టార్ ఇచ్చి, ఇంటికి పంపించి, ఫ్రిజ్ మీద అంటించుకోమంది. అంటించుకున్నాను.

అందుకే సుధాకరరావు అంకుల్ వాట్సాప్ గ్రూపులో సాహిత్య సమావేశానికి రమ్మని పిలుపు రాగానే బావ చేత చెప్పించి చేరిపోయాను. అంకుల్ బ్యాంకులో పెద్ద హోదాలో చేసి రిటైరైన మనిషి. సింగపూర్‌లో తెలుగువాళ్లకు గుడి ఉంది, గోంగూర ఉంది, కొత్త సినిమా మొదటి రోజే ఉంది. లేనిదల్లా చదవని పుస్తకాలు చదివినట్టు చెప్పుకోవడానికి ఒక చోటు. ఆ లోటు అంకుల్ తీర్చారు. నెలకొకసారి శనివారం సాయంత్రం, వాళ్లుండే కాండో అపార్టుమెంట్లలో ఫంక్షన్ రూమ్ బుక్ చేసి, ఏసీ పద్దెనిమిదిలో పెట్టించి, జ్యోతి వెలిగించి మొదలుపెట్టేవారు. జ్యోతి బ్యాటరీది. అగ్గిపుల్ల గీస్తే పొగ అలారం మోగుతుందని కాండోవాళ్లు ముందే చెప్పారు.

ఆ మొదటి సమావేశంలోనే అంకుల్ ఒక మాట ప్రకటించారు. మనిషన్నవాడు జీవితంలో ఒక్కసారైనా ఒక పెద్ద రష్యన్ నవల చదవాలి. ఎందుకు చదవాలని ఎవరూ అడగలేదు. అడిగితే చదవలేదని తెలిసిపోతుంది కదా. అందరూ తలలూపారు. నేనూ ఊపాను, అందరికంటే కాస్త ఎక్కువే ఊపాను.

ఆ నవల పేరు నేనిక్కడ రాయను. రాస్తే మీరు కూడా, ఓ అదా, చదివానండీ, అంటారు. అలా అన్నవాళ్లు నాకిప్పటికే చాలామంది దొరికారు.

మరి అంత లావు పుస్తకం చదవడం దండగా కాదా అన్నదాని మీద ఆ రోజు చాలాసేపు చర్చ జరిగింది. దండగ కాదన్నవాళ్లెవరూ దాన్ని చదవలేదు. దండగన్నవాళ్లూ చదవలేదు. అభిజిత్ గారని, బావకు ఇక్కడ ఉద్యోగం చూపించిన మనిషి, ఫోన్‌ని అడిగితే పది లైన్లలో చెప్పేస్తుంది కదా అన్నారు. ఆయన భార్య కీర్తిక, సీరియల్‌గా కూడా వచ్చిందట, ఒకటిన్నర స్పీడులో పెట్టుకుంటే రెండు రోజుల్లో అయిపోతుంది అంది. సుధాకరరావు అంకుల్ మాత్రం చదివి తీరాల్సిందే అని బల్ల గుద్దారు. గుద్దాక ఆయన చూపు ఆ పుస్తకం మందం మీద పడింది. పడి, అక్కడే కాసేపు ఉండిపోయింది.

పుస్తకం అక్కడుంది, ఎందుకంటే దాన్ని ఒకావిడ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అభిజిత్ గారి అమ్మ, శ్యామలాదేవి ఆంటీ. తెనాలిలో డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ అందరు అమ్మల్లాగా ఆవకాయ జాడీ తేకుండా, సూట్‌కేసులో ఈ నవల పెట్టుకొచ్చింది. మాస్కోలో అచ్చేసి మన దగ్గర చవగ్గా అమ్మిన పాత తెలుగు అనువాదం, గట్టి అట్ట. దీన్ని మూడుసార్లు చదివానని ఆవిడ చెప్పింది. ఆ గదిలో అబద్ధం కాని మాట నాకు తెలిసి అదొక్కటే.

దాంతో అంకుల్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆంటీ మళ్లీ చదువుతుంది, నెలనెలా కొంత కథ మాకు చెబుతుంది, మేము విని చర్చిస్తాం. పంతులుగారు పురాణం చెబితే ఊరందరికీ పుణ్యం వచ్చినట్టే ఇదీనూ. అందరికీ ఈ ఏర్పాటు భలే నచ్చింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. పులిహోర నువ్వు బాగా చేస్తావటగా అన్నారంతే. నా కుర్చీకి అద్దె అదేనని నాకర్థమైంది.

మొదటి నెల ఆంటీ కథ చెప్పిన తీరు నేను మర్చిపోలేను. బయట మంచు పడుతుంటుంది. ఎవ్దోకియా అని ఒకామె. భర్త చనిపోయాడు, ఒక గాజు ఫ్యాక్టరీ వదిలిపోయాడు. ఆయన తమ్ముళ్లిద్దరు బండి కట్టుకుని వాటాలడగడానికి వస్తారు. వచ్చి టీకి కూర్చుంటారు. అంతే. ఆ టీ డెబ్బై పేజీలు. చిన్నమరిది జామ్ బాగుందంటూనే వెండి చెంచాలు కళ్లతో లెక్కపెడుతుంటాడు. పెద్దమరిది అన్నను తలుచుకుని కళ్లు తుడుచుకుంటూ, గోడ మీది గడియారం ఏ దేశానిదని అడుగుతాడు. ఆమె మాత్రం కప్పు ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ పోస్తుంది. ఆమె టీ పోస్తున్నంతసేపూ వాళ్లు అడగలేరు.

 మా నాయన మంచంలో ఉన్నప్పుడు మా పెదనాయనలిద్దరూ వచ్చి సరిగ్గా ఇలాగే కూర్చున్నారు. పొలం సంగతి ఎత్తకుండా దూడ బాగుంది, గేటుకు రంగు బాగుంది అంటూ పొద్దుపోయిందాకా కూర్చున్నారు. మా అమ్మ టీ మీద టీ పెట్టింది. అమ్మ ఎందుకన్నిసార్లు పెట్టిందో నాకు ఇన్నేళ్ల తర్వాత, క్లెమెంటిలో, ఎవరో రష్యా ఆమె కథ వింటే తెలిసింది.

చివర్లో ఎవరో ముగింపు ఏమవుతుందని అడిగితే ఆంటీ నవ్వి, "ఇప్పుడే చెప్పేస్తే సుధాకరరావు గారు ఇక చదవరు," అంది. అందరూ నవ్వారు. అంకుల్ అందరికన్నా ఆలస్యంగా నవ్వారు.

రెండో నెల, పోయినసారి రానివాళ్ల కోసం అంటూ ఆంటీ మొదటి నుంచి చెప్పింది. మూడో నెల కూడా మంచు పడింది, మరుదులు దిగారు, టీ పోసింది. ఫంక్షన్ రూమ్‌లో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు, మిగతా సగం ఆ నెల కొత్తగా వచ్చినవాళ్లు. అంకుల్ దానికి పునశ్చరణ అని పేరు పెట్టారు. మళ్లీ మళ్లీ వింటేనే గొప్ప సాహిత్యం ఒంటబడుతుందట. నేనొక్కదాన్నే అన్ని నెలలూ పూర్తిగా విన్నాను. మరి నాకు అనుమానం రాలేదా అంటారేమో. రాలేదు. పెద్ద నవలలంటే ఇలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను. చెప్పిందే చెబుతాయి కాబట్టే అన్ని పేజీలవుతాయి, అందుకే చదువుకున్నవాళ్లకు తప్ప అర్థం కావు అనుకున్నాను. అడిగితే నా చదువు బయటపడుతుంది. గమ్మున పులిహోర వడ్డించాను.

ఆ రోజుల్లోనే మధ్యాహ్నాలు ఆంటీ దగ్గరికి వెళ్లడం అలవాటైంది. వాళ్లది మా పక్క బ్లాక్, తొమ్మిదో అంతస్తు. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే ఆవిడొక్కతే ఉండేది. ప్రణవిని స్కూల్లో దింపి, కూరగాయలు కొనుక్కుని అటు వెళితే, ఆవిడ నన్ను కూర్చోబెట్టి పైకి చదివి వినిపించేది. ఆ గొంతు వింటుంటే కాలేజీ బస్సు మళ్లీ ఎక్కినట్టుండేది నాకు. ఎక్కడిదాకా వచ్చామని అడిగేది. టీ దగ్గరున్నాం ఆంటీ అనేదాన్ని. మధ్యలో ఎత్తుకుంటే రుచుండదు, మొదట్నుంచీ చూద్దాం అనేది. చిన్నమరిది చెంచాలు లెక్కపెట్టే చోట ప్రతిసారీ ఆగి, "వీడు ఇలాంటివాడనుకోలేదు సుమా," అనేది. ఆ ఆశ్చర్యం అచ్చంగా ఉండేది. లెక్చరర్లకు నటన కూడా నేర్పుతారేమో అనుకున్నాను.

ఒకరోజు నవ్వుతూ తనే చెప్పింది. కరివేపాకు కోసం కిందికి దిగి, తిరిగొచ్చి, తలుపు తెరుచుకోవట్లేదని చాలాసేపు తాళంచెవి తిప్పిందట. లోపలి నుంచి ఒక చైనా తాతగారు వచ్చి, చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా తీసుకెళ్లి, పక్క బ్లాక్ చూపించాడట. నేనూ నవ్వాను. ఇక్కడ బ్లాకులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వచ్చిన కొత్తలో నేనూ అలా ఎవరి తలుపో తెరవబోయాను. కాకపోతే నాకది జరిగింది వచ్చిన కొత్తలో. ఆవిడ వచ్చి నాలుగో ఏడు.

ఇంకొక రోజు వెళితే ఇల్లంతా మాడు వాసన. పొయ్యి మీద పాలగిన్నె నల్లగా అయిపోయి ఉంది. ఆంటీ కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటోంది, వాసనే తెలియనట్టు. నేను స్టవ్ కట్టేసి, గిన్నె నానబెట్టి వచ్చి, ఊరికే మాట కలపడానికి, అసలు చివరికి ఆ ఎవ్దోకియా ఏమవుతుందాంటీ అని అడిగాను.

ఆవిడ నా వంక చూసింది. పుస్తకం వంక చూసింది. వేళ్లతో అట్ట అంచు తడిమింది, వెతుకుతున్నట్టు.

"చదువుదాం కదమ్మా, తొందరేముంది," అంది.

మూడుసార్లు చదివిన మనిషి. ముగింపు దాచిపెట్టేటప్పుడు ఆ ముఖంలో ఉండే కొంటెతనం లేదు. దాచడానికి ఏమీ మిగల్లేదు. అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు.

ఆ సాయంత్రం బావతో చెప్పాను. బావ బూట్లు విప్పుకుంటూ విన్నాడు. "గమ్మునుండవే. అభిజిత్ గారు లేకపోతే మనమీ ఊళ్లో ఉండేవాళ్లమా? వాళ్లమ్మకు మతి లేదని మనం చెప్తామా?" అన్నాడు. తర్వాత కాస్త తగ్గి, పెద్ద చదువులు చదివినవాళ్లు ఇంట్లో ఇద్దరున్నారు, వాళ్లకు తెలీదా అన్నాడు. అదే కదా నేనూ అనుకుంటూ వచ్చింది. లేచి కుక్కర్ పెట్టాను.

ఇంతలో ఆంటీకి సన్మానం చేయాలన్న బుద్ధి సుధాకరరావు అంకుల్‌కు పుట్టింది. మనవాళ్లు నలుగురు చేరిన చోట ఎవరికో ఒకరికి శాలువా కప్పకపోతే ఆ సంస్థకు రక్త ప్రసరణ ఆగిపోతుంది. నవలా పఠనం పూర్తయిన సందర్భంగా శ్యామలాదేవి గారికి సన్మానం అని గ్రూపులో పోస్టరు పెట్టారు. పోస్టరులో ఆంటీ ఫోటో కన్నా అంకుల్ ఫోటో పెద్దది. పూర్తయిందని ఆయనకెలా తెలుసు? అభిజిత్ గారిని అడిగారట. అమ్మ రోజంతా చదువుతూనే ఉంటుంది అంకుల్, ఎప్పుడో అయిపోయుంటుంది అన్నారట ఆయన.

ఆ శనివారం ఫంక్షన్ రూమ్ నిండిపోయింది. మనవాళ్ల దుకాణాలుండే సెరంగూన్ రోడ్డు నుంచి బంగారు అంచు శాలువా తెచ్చారు. గంధం, కుంకుమ, పూలదండ ఉన్న పళ్లెం నా చేతికిచ్చి పక్కన నిలబెట్టారు. పులిహోరతో పాటు ఈసారి సున్నుండలు కూడా నావే. వక్తలు ముగ్గురు ఆ నవల మీద మాట్లాడారు. ఒకాయన మానవ సంబంధాలు అన్నాడు, ఒకావిడ ఆత్మ సంఘర్షణ అంది, మూడో ఆయన ఆ రెండూ కలిపి చెప్పాడు. ఎవరి నోటా టీ మాట రాలేదు. విన్నవాళ్లకైనా గుర్తుండాలి కదా.

తర్వాత అంకుల్ ఆంటీకి మైకిచ్చి, ముగింపు గురించి మూడు ముక్కలు చెప్పమన్నారు.

ఆంటీ క్లాసును చూసినట్టు అందరినీ ఒకసారి చూసింది. "బయట మంచు పడుతోంది," అని మొదలుపెట్టింది.  మరుదులు బండి దిగారు. బూట్ల మీది మంచు దులుపుకున్నారు. టీకి కూర్చున్నారు. ఎంత బాగా చెప్పిందనీ. ఏసీ చలికి చేతులు కట్టుకున్న జనం నిజంగా ఆ ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. ఎవ్దోకియా మళ్లీ టీ పోసింది అన్న చోట ఆగింది. మిగతాది వచ్చే నెల చెప్పుకుందాం అని మైకు ఇచ్చేసింది.

 అంకుల్ చప్పట్లు కొట్టారు, అందరూ కొట్టారు. అంకుల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూశారా. ఆరంభంలోనే ముగింపు ఉంది. మహా రచయితలు కథను ముగించరు, మనకు వదిలేస్తారు," అన్నారు. ముందు వరసలో ఒకాయన ఆ మాట ఫోన్‌లో రాసుకున్నాడు. అభిజిత్ గారు వీడియో తీస్తున్నారు. శాలువా కప్పారు. నేను బొట్టు పెట్టడానికి వంగితే ఆంటీ నా చెవిలో అడిగింది.

"అమ్మాయ్, ఈ సన్మానం ఎవరికి?"

"మీకే ఆంటీ."

"ఎందుకూ?"

"నవల పూర్తి చేసినందుకు."

"అదేవిటి. ఇంకా మొదలే కదమ్మా," అంది.

ఆ గదిలో ఆవిడొక్కతే నిజం చెప్పింది, అదీ నా ఒక్కదానికే వినబడేట్టు.

భోజనాల దగ్గర అభిజిత్ గారు పళ్లెంలో నా పులిహోర పెట్టుకుని నిలబడి ఉన్నారు, పక్కన కీర్తిక. ప్రణవి నా కొంగు పట్టుకుని చిప్స్ తింటోంది. బావ దూరంగా కుర్చీలు సర్దుతున్నాడు. నేను వెళ్లి, ఆంటీని ఒకసారి డాక్టరుకు చూపించండి అన్నాను.  ఇన్ని నెలలుగా ఆవిడ మొదటి భాగమే చెబుతున్నారని, ముగింపు గుర్తులేదని చెప్పాను.

ఆయన ముందు నవ్వారు. "మీరు నవల చదివారా?"

"లేదండీ."

"మరి ఇది మొదటి భాగమో చివరి భాగమో మీకెలా తెలుసు?"

 ఆయనా చదవలేదు, అంకులూ చదవలేదు. చదివిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడకు గుర్తులేదు. ఇక సాక్ష్యం ఎవరు చెబుతారు?

"మా అమ్మ ముప్పై ఏళ్లు కాలేజీలో పాఠం చెప్పింది," అన్నారాయన, ఈసారి నవ్వకుండా. "ఇంటర్ కూడా పాసవ్వనివాళ్లు ఆవిడ తెలివి కొలవక్కర్లేదు."

ప్రణవి చిప్స్ నమలడం ఆపింది. తలెత్తి నన్నే చూస్తోంది. నేను ఏ మాటకు భయపడి చీరలు ఇస్త్రీ చేసుకుని, తలలూపి, పులిహోరలు కలిపానో, ఆ మాట నా బిడ్డ ముందే, నా వంట తింటూనే అన్నారు.  కానీ పాలగిన్నె వాసన ముక్కులో అలాగే ఉంది.

"పుస్తకం సంగతి నాకు తెలీదండీ. నేను చెబుతోంది మీ అమ్మ సంగతి," అన్నాను. మాడిన గిన్నె గురించి చెప్పాను. పక్క బ్లాక్‌లో ఎవరి తలుపు దగ్గరో తాళంచెవి తిప్పిన సంగతి చెప్పాను. పగలంతా ఆవిడ, ఆ గ్యాస్ పొయ్యి, ఇద్దరే ఉంటారని చెప్పాను. అభిజిత్ గారు పళ్లెం బల్ల మీద పెట్టి, బావ పేరు పెట్టి కేకేశారు. కీర్తిక తల దించుకుని సున్నుండను పొడి పొడిగా నలుపుతోంది.

ఆ కీర్తికే తర్వాత లిఫ్టు దగ్గర నన్నాపింది. మాడిన గిన్నెలు తను ఎప్పటి నుంచో చెత్తలో వేసి కొత్తవి కొంటోందట, ఆయనకు తెలియకుండా. తెలిస్తే ఇంట్లో ఎవరో ఒకరు ఉద్యోగం మానాలి, ఆ ఒకరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు కదా అంది.  ఆవిడ ఎంబీఏ. నేను ఇంటర్ ఫెయిలు కూడా కాదు, పరీక్షే రాయలేదు. ఇద్దరం ఒకే లిఫ్టు కోసం నిలబడ్డాం.

ఇంటికి నడుస్తుంటే బావ ముందు నడిచాడు. ప్రణవి నా చెయ్యి ఊపుతూ, అభిజిత్ అంకుల్ నిన్ను స్కోల్డ్ చేశాడా అని అడిగింది. అవునన్నాను. నువ్వు స్కూల్ ఫినిష్ చేయలేదా అంది. చేయలేదన్నాను. 

"అయితే ఇప్పుడు వెళ్లు లా," అంది, ఇక్కడి పిల్లల యాసలో. అని, ప్లేగ్రౌండ్ కనబడగానే చెయ్యి వదిలి పరుగెత్తింది. ఇంత భయపడిందీ దీనికేనా అనిపించింది.

అభిజిత్ గారు ఆ రాత్రే గ్రూపు నుంచి వెళ్లిపోయారు. ఆంటీని ఇక సమావేశాలకు తేలేదు. అంకుల్ ఫోన్ చేసి, ఒక మహా విదుషీమణి మనకు దూరమైందని, దానికి నా తొందరపాటే కారణమని చెప్పారు. ఆవిడ ఎలా ఉందని మాత్రం అడగలేదు. తర్వాతి నెలకు దీనికన్నా లావు పుస్తకం ప్రకటించారు. ఈసారి ఫ్రెంచిది. పులిహోర ఎవరు చేశారో నాకు తెలీదు.

నేను మాత్రం మధ్యాహ్నాలు వెళుతూనే ఉన్నాను. ఎవరూ రావద్దనలేదు, పగలు అనేవాళ్లెవరూ ఉండరు కదా. ఒకరోజు మొండిగా, ఈరోజు నేను చదువుతానాంటీ అని పుస్తకం తీసుకుని డెబ్బయ్యొకటో పేజీ తెరిచాను. కూడబలుక్కుంటూ చదివాను. తప్పు పలికిన చోటల్లా ఆవిడ సరిదిద్దింది, నా వంక చూడకుండానే. పెద్దమరిది కప్పు బోర్లించి సాసరు మీద పెట్టాడు అని చదివాను. కప్పెందుకు బోర్లించాడో నాకర్థం కాక ఆగాను.

"ఇక టీ వద్దని అలా చెబుతారు వాళ్లు," అంది ఆంటీ వెంటనే, ఆలోచించకుండా. "ఇప్పుడడుగుతాడు చూడు."

అడిగాడు. తర్వాతి వాక్యంలోనే అడిగాడు. ఎవ్దోకియా ఏం జవాబు చెప్పిందో చదివితే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. ఆవిడకు కొత్త, నాకూ కొత్త. ఆ పేజీ మర్నాటికి ఆవిడకు ఉండదని నాకు తెలుసు. అయినా చదివాం.

కాబట్టి అంత లావు రష్యన్ నవల చదవడం దండగా కాదా అని ఎవరైనా నన్నడిగితే, నేను చదివింది వంద పేజీలు కూడా లేదు. అందులో డెబ్బై పేజీలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆవులించలేదు. చదివామని చెప్పుకోవడానికైతే చదవకండి. ఫోన్ పది లైన్లలో చెబుతుంది, ఆ పది లైన్లూ మీ శాలువాకు చాలు. ఇంట్లో ఎవరైనా చదువుతూ కూర్చుంటే మాత్రం, ఎంత గొప్ప పుస్తకమో అని మురిసిపోకుండా, వాళ్లు ఏ పేజీలో ఉన్నారో అప్పుడప్పుడు అడగండి.

మా ఇంటి ఓనరు ఫ్లాటు అమ్ముకోవడంతో మేము పుంగోల్‌కు మారిపోయాం, ఊరికి ఈ చివర. రెండు రైళ్లు మారి వెళ్లి, పాప స్కూలు వదిలే వేళకు తిరిగి రావడం కుదరట్లేదు. ఫోన్ చేస్తే ఆంటీ ఎత్తుతుంది, ఎవరమ్మా అంటుంది, బాగున్నానంటుంది. కీర్తికకు మెసేజ్ పెడితే, డాక్టరు సంగతి ఆయన ప్రాజెక్టు అయ్యాక చూద్దామంటున్నారని రాసింది. ఆ ప్రాజెక్టుకు ఎన్ని పేజీలున్నాయో నాకు తెలీదు.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా క్లెమెంటి వైపు ఉంటే, అక్కడి యూనివర్సిటీలో చదువుకుంటూ గది అద్దెకు తీసుకున్న పిల్లలైనా సరే, నాకొక మాట రాయండి, బ్లాక్ నంబరు చెబుతాను. మధ్యాహ్నం పూట వెళ్లి బెల్లు కొట్టండి. తెలుగులో పలకరిస్తే తలుపు తీస్తుంది. ముందు వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేసి ఉందో లేదో చూడండి, తర్వాత అన్నం తిన్నారా అని అడగండి, అడిగి ఊరుకోకుండా గిన్నె మూత తీసి చూడండి. బెల్లు కొట్టినా తలుపు తీయకపోతే పక్క బ్లాక్ తొమ్మిదో అంతస్తులో కూడా ఒకసారి చూసి, వెంటనే నాకు ఫోన్ చేయండి.